పడుకోవడం బద్ధకం కాదు

నాకు హీమోఫీలియా ఎ. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో ఫాక్టర్ తక్కువన్నమాట. దెబ్బ తగలకపోయినా ఒక్కోసారి మోకాలి కీలులోకి రక్తం దిగుతుంది. వెంటనే ఫాక్టర్ ఎక్కించుకుని కాలికి విశ్రాంతి ఇవ్వాలి. మనవాళ్ళకేమో పట్టపగలు పడుకుంటే బద్ధకం, కుంటుకుంటూ ఆఫీసుకెళ్తే గొప్ప! ఆ మెప్పుకోసం నడిస్తే పాడయ్యేది మన కీలే.

2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ వచ్చాక చాలామందికి రక్తస్రావాలు తగ్గాయి గానీ, "నిన్న మెట్లెక్కకుండా ఉండాల్సింది" అని మనల్ని మనం తిట్టుకోవడం తగ్గలేదు. తిట్టుకుంటే రక్తం గడ్డకడుతుందా చెప్పండి? ఇదే జబ్బున్న పిల్లాడు మోకాలు వాచి ఏడుస్తుంటే "పడుకో నాన్నా, నీ తప్పేం లేదు" అంటాం కదా. ఆ మాటే మనకీ చెప్పుకుందాం. అది జాలి కాదు, వైద్యంలో భాగమే.