రుద్రవీణకు శ్రుతి ఎవరు చేస్తారు?

పోతన పద్యం వచ్చిన పెద్దవాళ్లను ఒక్కసారి చదివి వినిపించమనండి. చదవరు, పాడతారు. అది మత్తేభమో శార్దూలమో చెప్పలేకపోయినా, ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో వాళ్ల గొంతుకు తెలుసు. జనగామ జిల్లా బమ్మెరను పోతన ఊరుగా చెప్పుకుంటారు. ఆ పద్యాలు అక్షరం రాని ఇళ్లకూ చేరాయంటే, మోసుకెళ్లింది రాగమే.

మరి ఈ కాలపు కవిత్వాన్ని ఎవరు మోయాలి?

ఫ్రాన్సులో ఆ పని సంగీతకర్తలు నెత్తికెత్తుకున్నారు. పాల్ ఎల్యువార్ కవితలు తొమ్మిదింటిని తీసుకుని ఫ్రాన్సిస్ పూలాంక్ ఒక పాటల మాల కట్టాడు. 1937 ఫిబ్రవరిలో పారిస్‌లో పియర్ బెర్నాక్ పాడితే, పూలాంకే పియానో వాయించాడు. ఒక గొంతు, ఒక వాద్యం, అంతే. మొదటి పాట, చివరి పాట ఒకే శ్రుతిలో ఉంటాయి. తొమ్మిదీ వరుసగా వింటేనే మాల పూర్తయినట్టు.

అలాంటి మాలకు సరిపడే పూలు మన మానుకోట వైపే ఉన్నాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925 జూలై 22న దాశరథి కృష్ణమాచార్య పుట్టారు. నిజాంను ఎదిరించినందుకు నిజామాబాద్ జైల్లో పెడితే, బొగ్గుముక్కతో గోడ మీదే పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామికి 'అగ్నిధార'ను అంకితమిచ్చారు. ఆ తర్వాతి పుస్తకానికి ఏకంగా వాద్యం పేరే పెట్టారు, 'రుద్రవీణ' అని!

పాట ఆయనకు పరాయిది కాదు. 1961లో వచ్చిన 'వాగ్దానం', 'ఇద్దరు మిత్రులు' నుంచి సినిమాలకు రాశారు. గాలిబ్‌ను తెలుగు చేశారు. ఆయన తెలుగు గజళ్లను పి.బి. శ్రీనివాస్ పాడారు.

అయితే సినిమా పాటకూ కవితకూ తేడా ఉంది. సినిమాలో ముందు సన్నివేశం ఉంటుంది. చాలాసార్లు బాణీ కూడా ముందే సిద్ధమై, మాట వెనకాల నడుస్తుంది. కవిత దగ్గర వరుస తిరగబడాలి. మాట ముందు నడవాలి, బాణీ దాని అడుగులో అడుగు వేయాలి. కవి ఊపిరి తీసుకున్న చోటే గాయకుడూ తీసుకోవాలి. అందుకే కవితకు బాణీ కట్టేవాడు ముందుగా మంచి పాఠకుడు కావాలి.

సినిమాకు రాసిన పాటలు ఇప్పటికీ రేడియోలో వినబడతాయి. జైలు గోడ మీద పుట్టిన పద్యాలు మాత్రం ఎక్కువగా పాఠ్యపుస్తకాల్లో, సభల్లోనే పలుకుతాయి. పరీక్ష అయిపోగానే పిల్లలు వాటిని మరిచిపోతే తప్పు పిల్లలది కాదు. పద్యాన్ని కంటికిచ్చాం, చెవికివ్వలేదు.

పెద్ద కచేరీ ఏమీ అక్కర్లేదు. ఈ ఆదివారం ఇంట్లో ఆయన పద్యం ఒకటి తీసి పైకి చదవండి. రెండోసారికి గొంతు తనంతట తానే సాగుతుంది. మూడోసారి పక్కగదిలోని పిల్లవాడు అందుకుంటే, బాణీ దొరికినట్టే.