ఏసీ కొనే ముందు కిటికీ చూసుకోండి

వడదెబ్బ అనగానే ఎండలో పనిచేసే కూలీలే గుర్తొస్తారు. వాళ్లకు ప్రమాదం ఎక్కువన్నది నిజమే. కానీ మే నెలలో విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లలో మరో రకం ఉంటారు. ‘‘ఎండలో యాడికీ పోలేదు సార్, ఇంట్లోనే పండుకోనుంది’’ అంటారు వెంట వచ్చినవాళ్లు. ఆ మాట నిజమే. వడదెబ్బ రెండు రకాలు. ఒకటి ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవారికి గంటల్లోనే తగిలేది. రెండోది వేడెక్కిన గదిలో రెండు మూడు రోజులు ఉండిపోయిన వృద్ధులకు, మంచాన పడ్డవారికి నెమ్మదిగా వచ్చేది. ఈ రెండోది ఇంటి సమస్య. ఇందులో కిటికీ పాత్ర చాలా ఉంది.

ఇది మన ఊళ్లకే పరిమితం కాదు. 1995 జులైలో అమెరికాలోని షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంటరి వృద్ధులు. దొంగల భయంతో కిటికీలు బిగించుకున్నవారూ వారిలో ఉన్నారు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేల మంది పోయారు. వారిలోనూ ముసలివాళ్లే ఎక్కువ. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడగాడ్పు మరణాలు అధికారిక లెక్కల్లో వెయ్యి దాటాయి.

తలకిందులైన అలవాటు

మన పాత మట్టి మిద్దెలకు మందమైన గోడలు, చిన్న కిటికీలు, వాటికి చెక్క రెక్కలు, పైకప్పులో గవాక్షి ఉండేవి. వెలుతురు తక్కువ, వంటపొగ ఎక్కువ. కాబట్టి అవే మేలని నేననను. కానీ వాటిలో ఒక తెలివి ఉంది. పగలు కిటికీ మూస్తే ఎండ లోపలికి రాదు. రాత్రి తెరిస్తే వేడిగాలి గవాక్షి గుండా పైకి పోతుంది.

ఇప్పటి ఇళ్లలో సిమెంటు స్లాబు, పలచటి గోడలు, పెద్ద అద్దాల స్లైడింగ్ కిటికీలు. మామూలు ఒంటిపొర అద్దం తన మీద పడే ఎండ వేడిలో సుమారు ఐదింట నాలుగు వంతులు లోపలికి వదిలేస్తుంది. పైగా రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. రాత్రయితే దోమలని, దొంగలని అదీ మూసేస్తాం. పగలు వేడిని రానిచ్చి, రాత్రి దాన్ని పోనివ్వడం లేదు. చేయాల్సిన దానికి సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం.

రాత్రి ఎందుకంత ముఖ్యం? ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి గుండె పగలంతా చర్మానికి ఎక్కువ రక్తం పంపుతూ శ్రమిస్తుంది. రాత్రి చల్లబడితేనే దానికి విశ్రాంతి. వేడి రోజుల్లో గది పగలు 32 డిగ్రీల లోపు, రాత్రి 24 డిగ్రీల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన మే నెలలో అది కష్టమే. అయితే మనది పొడి నేల, గాలిలో తేమ తక్కువ. రాత్రి బయట త్వరగా చల్లబడుతుంది. స్లాబు మాత్రం అర్ధరాత్రి దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ చల్లగాలి లోపలికి రావాలంటే కిటికీయే దారి.

ఏం మార్చుకోవాలి?

ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీద ఉంటాడు. అందుకే ఎక్కువ వేడి స్లాబుదే. ముందు దానికి తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించండి. తర్వాతి వంతు తూర్పు, పడమర కిటికీలది.

పడమటి కిటికీకి నీడ బయటే కావాలి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన వేడి అప్పటికే గదిలోకి వచ్చినట్టే. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి సన్‌షేడ్ ఒక్కటే ఆపలేదు. వెదురు తడిక, గ్రీన్ షేడ్ నెట్, వీలుంటే ఒక వేపచెట్టు. వేలు ఖర్చుపెట్టక్కర్లేదు.

పాత చెక్క రెక్కలుంటే పీకి పారేయకండి. బందులు బిగించి, సందులు పూడ్చి పగలు మూయండి. పడకగది కిటికీలకు గట్టి గ్రిల్, దోమల జాలి పెట్టించి రాత్రి తెరవండి. నా దృష్టిలో దోమల జాలి కూడా మందు లాంటిదే. వడదెబ్బకూ, డెంగీకీ, మలేరియాకూ ఒకే ఖర్చు.

కూలర్ ఉన్నవారు ఒక కిటికీ తెరిచే ఉంచాలి. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పేరుకుని చెమట ఆరదు, ఉక్కపోస్తుంది. మన పొడిగాలిలో కూలర్ బాగా పనిచేస్తుంది, గాలి బయటికి పోయే దారి ఉంటేనే.

ఏసీ ఉంటే కిటికీ సందులకు రబ్బరు బీడింగ్ వేయించి, 24 డిగ్రీల మీదే ఉంచండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. రెండు పొరల అద్దాల కిటికీలు బాగుంటాయని ఇప్పుడు అమ్ముతున్నారు. రోజంతా ఏసీ నడిచే ఇంటికి కొంత ఉపయోగమే. కానీ మామూలు అద్దమైతే రెండు పొరలున్నా ఎండ వస్తూనే ఉంటుంది. ముందు నీడ, తర్వాతే అద్దం.

ఒక జాగ్రత్త. గదిని ఏడాది పొడవునా డబ్బాలా బిగించేయకండి. ఇంట్లో క్షయ, జలుబు, దగ్గు ఉన్నవారుంటే గాలి ఆడటమే మిగతావారికి రక్షణ. పొయ్యి వెలిగినంతసేపూ వంటింటి కిటికీ తెరిచే ఉండాలి.

చిన్న ఇంటికీ నియమం కావాలి

ఇళ్ల కోసం కేంద్రం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. వేడి, పొడి ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీలు నేల వైశాల్యంలో కనీసం పదో వంతు ఉండాలంది. మంచి నియమమే. కానీ అది 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 12 సెంట్లు, ఆపైన స్థలంలో కట్టేవాటికి. సెంటున్నరలో కట్టుకున్న ఇంట్లోని అవ్వకు అది వర్తించదు. ఎక్కువ వేడి తగిలేది ఆమెకే. ప్రభుత్వ గృహ పథకాల ప్లానులో పడమటి నీడ, దోమల జాలి తప్పనిసరి చేస్తే అదీ ప్రజారోగ్యమే.

బీపీకి నీటి మాత్రలు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారికి వేడి త్వరగా హాని చేస్తుంది. సొంతంగా మాత్రలు మానకండి, వేసవి మొదట్లోనే డాక్టర్ని అడగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా పారాసెటమాల్ ఇచ్చి ఊరుకోవద్దు. వడదెబ్బకు అది పనిచేయదు. ఒంటిమీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయకండి.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు పడుకునే గదిలో ఒక థర్మామీటర్ వేలాడదీయండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి చూడండి. రాత్రి కూడా అంకె పెద్దగా దిగకపోతే మార్చాల్సింది మందుల చీటీ కాదు, ఆ గది కిటికీ.

– వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు, ఎంబీబీఎస్, ఎండీ