లంబాడిపల్లి నవ్వు ఎవరి మీద?

2018 జూన్ ఆఖర్ల కెనడా గాయకుడు డ్రేక్ పాట ఒకటి వచ్చింది. షిగ్గీ అనే అమెరికా హాస్యగాడు దానికి చిందేసి వీడియో పెట్టిండు. ఇగ చూస్కో, లోకానికి పిచ్చి లేసింది. నడుస్తున్న కార్ల నుంచి దుంకుడు, దాని పక్కన ఎగురుడు! పేరు ‘కికి చాలెంజ్’. పడి దెబ్బలు తాకించుకున్నోళ్లున్నరు. ముంబై, ఢిల్లీ పోలీసులు హెచ్చరికలు చేయాల్సి వచ్చింది.

అప్పుడే జగిత్యాల జిల్లా, అంటే మన పాత కరీంనగర్‌ల, మల్యాల మండలం లంబాడిపల్లి జవాబు చెప్పింది. శ్రీరాం శ్రీకాంత్ నడిపే ‘మై విలేజ్ షో’ వీడియోల గీల అనిల్, పిల్లి తిరుపతి బురదమడిల దిగిన్రు. కారు లేదు, ఎడ్లున్నయి. ఎడ్లు మడిల నడుస్తుంటే వాటి పక్కన అదే పాటకు ఆడిన్రు. దేశాలు దాటి చూసిన్రు. అమెరికా టీవీ హాస్యగాడు ట్రెవర్ నోవా సుత మెచ్చుకున్నడు.

పత్రికలు ‘రైతుల కామెడీ’ అని రాసి ఊకున్నయి. కానీ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ నవ్వు ఎవరి మీద?

దశాబ్దాల పాటు తెలుగు సినిమా ఏం చేసింది? హీరోకు కోస్తా మాట. రౌడీకి, పనిమనిషికి, జోకర్‌కు తెలంగాణ యాస. మనం నోరు తెరిస్తే చాలు, హాలంతా నవ్వాలె! ఆ నవ్వుకు మనం సరుకు. లంబాడిపల్లిల సీను తిరగబడ్డది. నవ్వినోడు పల్లెటూరోడు, నవ్వులపాలైంది కారున్నోడి పిచ్చి. ఇది కామెడీ కాదా? కామెడీయే. కానీ పగ్గం మన చేతిల ఉన్న కామెడీ.

అదే ఊరి గంగవ్వ 2020ల బిగ్‌బాస్ ఇంట్లకు తన మాటతోనే పోయింది. 2023ల ‘బలగం’ మన చావింటి ఏడుపును మన యాసలనే చూపింది. ఇయ్యాల సినిమావోళ్లకు మన యాస గిరాకీ సరుకైంది. సంతోషమే. కానీ గిరాకీ కూడా కికి లెక్కనే, వస్తది, పోతది. మోజు తీరినంక మన మాటను మళ్ల జోకర్ నోట్ల పెట్టరని నమ్మకమేంది?

తమ్మీ, ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టినవ్. మరి ఇంటర్వ్యూల కూసున్నప్పుడు నీ యాసెందుకు దాస్తున్నవ్? అన్నా, ఆఫీసుల ఫోనెత్తంగనే నీ గొంతెందుకు మారుతున్నది? అమెరికావోడు మెచ్చినంకనే మన బురద మనకు ముద్దొస్తే, అది ఆత్మగౌరవం ఎట్లయితది?