గీతలు నిండుగా – మాట మాత్రం అందదు

పల్లెల్లో రాత్రి ఎనిమిది గంటల వేళ సెల్‌ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. ఆసుపత్రికి ఆటోను పిలుద్దామంటే మాత్రం కాల్ కలవదు. గీతలు టవరు అందుతున్నదని చెబుతాయే కాని, అందులో చోటుందని చెప్పవు. చాలాచోట్ల నాలుగు ఊళ్లకు ఒకే టవరు. అంతా ఒకేసారి క్రికెట్టు, సినిమాలు చూస్తుంటే ఉన్నదే పంచుకోవాలి. 4జీలో మాటకు ముందు దారి ఇస్తారు, నిజమే. టవరు మరీ కిక్కిరిస్తే అదీ చాలదు.

మధ్యలో తెగిపోయే కాల్స్ 2 శాతం మించరాదని ట్రాయ్ నిబంధన. అసలు కలవని కాల్‌కు లెక్క వేరు. పైగా లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఒకే సర్కిలు. హైదరాబాదు టవరు, మారుమూల తండా టవరు ఒకే సగటులో కలిస్తే తండా గోడు ఎవరికి కనిపిస్తుంది? కంపెనీలు రద్దీ వేళ లెక్కలను టవరువారీగా పంచాయతీ నోటీసు బోర్డుపై పెట్టాలి. నిండిన చోట మరో టవరు వేయాలి. రీచార్జి ధర పల్లెకూ పట్నానికీ ఒక్కటే కదా!