సుంకాల రక్షణ యజమానికి, మరి కార్మికునికి?

సూర్యరశ్మికి సరిహద్దులు లేవు, సుంకాలు లేవు. కాని ఆ రశ్మిని విద్యుత్తుగా మార్చే ప్యానెల్ ఏ దేశంలో తయారు కావాలి, ఆ పని ఎవరికి దొరకాలి, ఏ ధరకు అది రైతు బావి దగ్గరకు చేరాలి అనే ప్రశ్నలను నేడు నిర్ణయిస్తున్నవి వాణిజ్య ఒప్పందాల క్లాజులూ, కస్టమ్స్ నోటిఫికేషన్లూను. ఇవి న్యాయవాదుల వ్యవహారాలని శ్రామికవర్గం పక్కన పెట్టడానికి వీలులేదు. గత పదిహేనేళ్ళలో మన సౌరవిద్యుత్ పరిశ్రమ పొందిన అనుభవమే ఇందుకు సాక్ష్యం.

ఈ పరిశ్రమ మనకు కొత్తది కాదు. ప్రభుత్వరంగ సంస్థ అయిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లోనే దేశంలో తొలి సోలార్ సెల్‌ను రూపొందించింది. అయితే అంత ముందుగా మొదలైన ఈ విద్యను భారీ పరిశ్రమగా పెంచడానికి తగిన పూనిక చాలాకాలం కొరవడింది. 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సోలార్ మిషన్ ప్రారంభమైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్ల సామర్థ్యం నెలకొల్పాలన్నది లక్ష్యం. ఆ మిషన్ క్రింద ప్రభుత్వానికి విద్యుత్తు అమ్మే సంస్థలు కొంతమేరకు దేశంలో తయారైన సెల్సు, ప్యానెళ్ళు వాడాలన్న షరతు పెట్టారు. మన డబ్బుతో కొనే విద్యుత్తు మన కార్మికునికి కూడా పని కల్పించాలన్నదే దాని సారాంశం.

ఆ షరతులో ఆదిలోనే ఒక లొసుగు ఉండిపోయింది. స్ఫటిక సిలికాన్ ప్యానెళ్ళకు మాత్రమే అది వర్తించింది. థిన్ ఫిల్మ్ రకం ప్యానెళ్ళను మినహాయించారు. విదేశీ ఎగుమతి బ్యాంకుల చౌక రుణాలు తోడుకాగా, అనేక కంపెనీలు అమెరికానుండి థిన్ ఫిల్మ్ ప్యానెళ్ళను దిగుమతి చేసుకున్నాయి. దేశీయ ఫ్యాక్టరీలు ఆర్డర్లకోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

ఇంత బలహీనమైన షరతును కూడా అమెరికా సహించలేదు. 2013 ఫిబ్రవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2016 ఫిబ్రవరిలో విచారణ సంఘం, అదే సంవత్సరం సెప్టెంబరులో అప్పిలేట్ సంఘం మనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చాయి. ఆ తీర్పులోని తర్కాన్ని ప్రతి కార్మికుడూ తెలుసుకోవలసి ఉన్నది. ప్రభుత్వం తన అవసరాలకు కొనే వస్తువుల విషయంలో స్వదేశీ సరుకుకు ప్రాధాన్యమివ్వడానికి గాట్ ఒప్పందం 3వ అధికరణం అవకాశమిస్తున్నది. కాని భారత ప్రభుత్వం కొన్నది విద్యుత్తు. వివక్షకు గురైంది ప్యానెల్. ఈ రెండూ పరస్పరం పోటీపడే వస్తువులు కావు గనుక ఆ మినహాయింపు చెల్లదన్నారు. దేశంలో ప్యానెళ్ళ తయారీ కొరతగా ఉన్నదని మన ప్రతినిధులు వాదించగా, ఎక్కడినుండి వచ్చినా సరే సరుకు దొరుకుతున్నప్పుడు అది కొరత కాదన్నారు. అనగా, ఒక దేశానికి వస్తువు కొనుక్కునే సౌకర్యం ఉంటే చాలు, దాన్ని తయారుచేసుకునే శక్తి లేకపోయినా నష్టం లేదన్నమాట. ఈ ఒక్క వాక్యంలో నేటి వాణిజ్య న్యాయశాస్త్రం సమస్తం ఇమిడి ఉన్నది.

ఈ తీర్పు బీదదేశాలకు మాత్రమే పరిమితమైనదని అనుకోరాదు. కెనడాలోని అంటారియో రాష్ట్రం ఇటువంటి షరతే పెట్టగా, జపాన్, ఐరోపా యూనియన్ ఫిర్యాదు చేయడంతో 2013లో దానికీ ఇదే గతి పట్టింది. అక్కడి కార్మికులూ నష్టపోయారు. అయితే బలవంతులకు తప్పించుకునే దారులు ఎక్కువ. అమెరికాలోని ఎనిమిది రాష్ట్రాలలో అమలవుతున్న ఇటువంటి ప్రోత్సాహకాలపై మన దేశం 2016లో ఫిర్యాదు చేసింది. వాటిలో అత్యధికం నిబంధనలకు విరుద్ధమని 2019 జూన్‌లో తీర్పు వచ్చింది. అమెరికా అప్పీలు చేసింది. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికాయే అడ్డుకోవడంతో, ఆ ఏడాది డిసెంబరునుండి అప్పిలేట్ సంఘమే స్తంభించిపోయింది. 2023లో ఇరు దేశాలు ఒప్పందంతో ఆ వివాదాన్ని ముగించుకునేవరకు అప్పీలు అక్కడే ఉండిపోయింది. తీర్పు అమలు కాలేదు. 2022లో అదే అమెరికా, స్వదేశీ ఉక్కు, స్వదేశీ పరికరాలు వాడే విద్యుత్ ప్రాజెక్టులకు అదనపు పన్ను రాయితీనిస్తూ చట్టం చేసింది. మనకు నిషిద్ధమైనది వారికి జాతీయ విధానమైంది.

ఇక తీర్పు తరువాత మన ప్రభుత్వం ఏమి చేసింది? షరతు మార్గం మూసుకుపోగా సుంకాల మార్గం పట్టింది. 2018 జూలై 30 నుండి దిగుమతులపై 25 శాతం రక్షణ సుంకం విధించి, క్రమంగా తగ్గిస్తూ 2021 జూలై వరకు కొనసాగించింది. ప్రత్యేక ఆర్థిక మండలులనుండి దేశీయ మార్కెట్టుకు వచ్చే సరుకు కూడా దిగుమతిగానే లెక్క గనుక, మన గడ్డమీది ఫ్యాక్టరీలే ఈ సుంకం దెబ్బ తినవలసి వచ్చింది. తరువాత 2022 ఏప్రిల్ 1 నుండి ప్యానెళ్ళపై 40 శాతం, సెల్సుపై 25 శాతం కస్టమ్స్ సుంకం వచ్చింది. ప్రభుత్వ ప్రాజెక్టులలో వాడదగిన ప్యానెళ్ళకు ఆమోదిత జాబితా ఏర్పడింది. సెల్సుకు సైతం ఈ పద్ధతిని 2026 జూన్ 1 నుండి వర్తింపజేయాలని నిర్ణయించారు. వీటన్నిటికీ తోడు, ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకాల పథకం క్రింద ఈ ఒక్క పరిశ్రమకు రెండు విడతలలో 4,500 కోట్లు, 19,500 కోట్లు, వెరసి 24,000 కోట్ల రూపాయలు ప్రకటించారు.

ఫలితం కనబడుతున్నది. ఆమోదిత జాబితాలోని ప్యానెళ్ళ తయారీ సామర్థ్యం 2025 ఆగస్టులో లక్ష మెగావాట్లకు చేరింది. అయితే సెల్సు తయారీ అందులో కొద్దిపాటి భాగమే. వాటికి మూలమైన పాలీసిలికాన్, వేఫర్లు అధికభాగం ఇంకా బయటినుండే వస్తున్నాయి. 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం ప్యానెల్ తయారీలోని అన్ని దశలలోనూ చైనా వాటా 80 శాతానికి మించి ఉన్నది. మనవారు చేస్తున్నది ఎక్కువగా చివరి దశ కూర్పు పని.

ఈ సుంకాలవల్ల ప్యానెళ్ళు ప్రియమై స్వచ్ఛ విద్యుత్తు ఆలస్యమవుతుందనే వాదన ఒకటున్నది. దాన్ని తోసిపుచ్చలేము. ధర పెరిగితే ఆ భారం విద్యుత్ పంపిణీ సంస్థలకూ, వాటిద్వారా వినియోగదారునికీ చేరుతుంది. ఆ వినియోగదారుడు మన కార్మికుడే, మన రైతే. కాని కేవలం చౌకదనాన్నే కొలబద్దగా పెట్టుకుంటే, ఒకే దేశపు ఫ్యాక్టరీలపై ఆధారపడి, ఆ దేశం ఎగుమతులు బిగించిన రోజున దీపాలు ఆర్పుకోవలసి వస్తుంది. కనుక రక్షణ అవసరమే. అయితే ప్రజలు ఎక్కువ ధర చెల్లించి, ఖజానా నుండి వేల కోట్లు ఇచ్చి నిలబెడుతున్న ఈ రక్షణకు ప్రతిఫలంగా వారికి దక్కుతున్నదేమిటి? అడగవలసిన ప్రశ్న ఇది.

ప్రోత్సాహకాలు ఏ లెక్కన ఇస్తున్నారో చూడండి. ప్యానెల్ సామర్థ్యమెంత, అమ్మకాలెన్ని, దేశీయంగా జోడించిన విలువ ఎంత అన్నవి లెక్కలో ఉన్నాయి. వేతనమెంత, శాశ్వత ఉద్యోగులెందరు, సంఘానికి గుర్తింపు ఉన్నదా అనే పద్దులు ఆ లెక్కలో లేవు. 2022-23 వార్షిక పారిశ్రామిక సర్వే ప్రకారం దేశంలోని వ్యవస్థీకృత ఫ్యాక్టరీల కార్మికులలో నూటికి నలభైమందికి పైగా కాంట్రాక్టు కార్మికులే. కొత్తగా పుడుతున్న పరిశ్రమ ఈ పాత జాడ్యంతోనే పుట్టాలా?

బొగ్గు పరిశ్రమతో పోల్చి చూడండి. 1975 నుండి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలున్నాయి. పదకొండవ ఒప్పందం 2023 మే నెలలో కుదిరింది. సింగరేణి గనినుండి జార్ఖండ్ గనివరకు పర్మనెంటు కార్మికునికి ఒకే వేతన చట్రం ఉన్నది. అది ఎవరూ దానమిచ్చింది కాదు, తరాల పోరాట ఫలం. రేపు బొగ్గు తగ్గి సూర్యశక్తి పెరిగినప్పుడు, గనికార్మికుని కొడుకు ఏ ఒప్పందమూ లేని ప్యానెల్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దయమీద బ్రతకవలసి వస్తే, ఆ మార్పును అభ్యుదయమని ఏ నోటితో అంటాము?

ఇక్కడ ఒక సందేహానికి సమాధానం చెప్పవలసి ఉన్నది. 1990లలో వాణిజ్య ఒప్పందాలలో కార్మిక ప్రమాణాల క్లాజును చేర్చాలని సంపన్న దేశాలు కోరినప్పుడు మన దేశంలోని కేంద్ర కార్మిక సంఘాలలో అధికభాగం వ్యతిరేకించాయి. మన సరుకును అడ్డుకోవడానికి కార్మిక హక్కుల ముసుగు వేసుకుంటున్నారన్నది అప్పటి ఆక్షేపణ. 1996 సింగపూర్ మంత్రుల సమావేశం ఆ విషయాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థకు వదిలివేసింది. ఆ వైఖరికీ, నేటి మన కోరికకూ వైరుధ్యం లేదు. పరాయి ప్రభుత్వం తన మార్కెట్టు తలుపు దగ్గర నిలబడి మన వేతనాలను తనిఖీ చేయడం ఒకటి. మన ప్రజల సొమ్ము తీసుకునే యజమానికి మన ప్రభుత్వం షరతు పెట్టడం మరొకటి. మొదటిదాన్ని ప్రతిఘటించిన వారికి రెండవదాన్ని అడిగే హక్కు సంపూర్ణంగా ఉన్నది.

ఇటువంటి షరతులు వాణిజ్య నిబంధనలకు విరుద్ధమవుతాయని యాజమాన్యాలు బెదిరించవచ్చు. వాస్తవం అందుకు విరుద్ధం. స్వదేశీ సరుకు వాడితేనే సబ్సిడీ అన్న షరతును సబ్సిడీల ఒప్పందం 3వ అధికరణం నిషేధిస్తున్నది. 2025 డిసెంబరులో చైనా మన సోలార్ సబ్సిడీలపై ప్రపంచ వాణిజ్య సంస్థలో సంప్రదింపులు కోరింది కూడా. కాని సబ్సిడీ పొందే ఫ్యాక్టరీ తన కార్మికునికి న్యాయమైన వేతనమివ్వాలన్న షరతు ఏ విదేశీ సరుకుపట్లా వివక్ష చూపదు. సరుకుల మధ్య వివక్షను వెతికే ఆ నిబంధనలకు ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ప్రభుత్వం పెట్టగల షరతులలో న్యాయపరంగా మిక్కిలి భద్రమైనది ఇదే. పెట్టనిదీ ఇదే.

కనుక మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి.

ఒకటి: ప్రోత్సాహకాలు పొందే ప్రతి ఫ్యాక్టరీలో శాశ్వత స్వభావం గల పనులకు శాశ్వత కార్మికులనే నియమించాలి. ఉల్లంఘించిన యెడల ఆ సొమ్మును తిరిగి వసూలు చేయాలి.

రెండు: ఆమోదిత జాబితాకోసం ఫ్యాక్టరీకి వెళ్ళే తనిఖీ అధికారులు యంత్రాలను లెక్కించడంతోపాటు వేతన రిజిస్టర్లనూ, ప్రావిడెంట్ ఫండ్, ఇ.ఎస్.ఐ. చెల్లింపులనూ, రసాయనాల భద్రతనూ పరిశీలించాలి.

మూడు: పునరుత్పాదక ఇంధన పరిశ్రమకు, బొగ్గుకు ఉన్నట్లే, కార్మికులు, యాజమాన్యాలు, ప్రభుత్వం కలిసి కూర్చునే వేతన చర్చల వేదిక ఏర్పడాలి.

నాలుగు: సెల్సు, వేఫర్ల తయారీలో ప్రభుత్వరంగానికి సముచిత స్థానమివ్వాలి. ప్రభుత్వం తానే ప్యానెళ్ళు కొని తన అవసరాలకు వాడుకున్నప్పుడు స్వదేశీ ప్రాధాన్యానికి ఇప్పటికీ అవకాశమున్నది. 2019లో ఆమోదించిన 12,000 మెగావాట్ల ప్రభుత్వరంగ పథకం ఆ దారినే నడిచింది. దానిని విస్తరించాలి.

ఇవి రాయితీలు కోరడం కాదు. సుంకం అంటే ప్రజలపై వేసిన పన్ను. పన్ను కట్టిన ప్రజలకు లెక్క అడిగే అధికారముంటుంది. ఈ కొత్త ఫ్యాక్టరీలున్న ప్రతి జిల్లాలోనూ మన అనుబంధ సంఘాలు ముందుగా అక్కడి కార్మికుల పని పరిస్థితుల వివరాలు సేకరించాలి. గేటు మీటింగులలో ఈ కోర్కెలను వివరించాలి. పార్లమెంటు సభ్యులకు మహజర్లు సమర్పించాలి. సుంకపు గోడ ఎంత ఎత్తున కట్టాలో ఢిల్లీలోనూ, జెనీవాలోనూ చర్చలు సాగుతూనే ఉంటాయి. ఆ గోడ లోపల పనిచేసేవారి వేతనం, భద్రత ఎలా ఉండాలో నిర్ణయించే చర్చ మాత్రం మనం ప్రారంభిస్తేనే ప్రారంభమవుతుంది.