స్ట్రైకు అంటే కొట్టడమేనా?

గోదావరిఖని

బిడ్డలారా,

మీలో చాలామంది ఓవర్‌మన్ పరీక్షకు చదువుతున్నారు. స్ట్రైకంటే ఏందని అడిగితే కొందరు కొట్టడమంటారు, కొందరు సమ్మె అంటారు, క్రికెట్ పిచ్చోళ్లు స్ట్రైక్ రేటు దగ్గర ఆగిపోతారు. ఏదీ తప్పు కాదు. కానీ బొగ్గుబాయి దిగేవాడికి ముందు తెలియాల్సింది వేరే ఉంది.

డిప్పు గ్యాలరీలో పంపు ఆగి నీళ్లు నిలిచాయనుకోండి. వాలుగా ఉన్న నేల మీద ఆ నీటి అంచు ఒక అడ్డగీత గీస్తుంది. ఆ గీత ఏ దిక్కుకు పోతే అదే సీము, అంటే బొగ్గు పొర, స్ట్రైకు. దాన్ని కోస్తూ నీళ్లు పల్లానికి జారేది డిప్పు. లెవెల్ గ్యాలరీలు స్ట్రైకు వెంట తవ్వుతారు కాబట్టే అక్కడ టబ్బును మనుషులు నెట్టగలిగేవారు. డిప్పులో అయితే హాలేజీ తాడు లాగాల్సిందే. ఓపెన్‌కాస్టు వాళ్లు ఈనాటికీ గని పొడవును స్ట్రైక్ లెంగ్త్ అనే చెబుతారు. మన గోదావరి లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగింది. బెల్లంపల్లి నుంచి కొత్తగూడెం దాకా బాయిలు ఆ వరుసలోనే ఎందుకు పడ్డాయో మ్యాపు ముందు పెట్టుకుంటే మీకే తెలుస్తుంది.

ఈ అర్థం జర్మన్ గనివాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల మాటకు ఒక దిక్కుగా సాగడమని అర్థం. పాత ఇంగ్లీషులో కూడా స్ట్రైకంటే మొదట నిమరడం, రుద్దడం, సాగిపోవడం. దెబ్బ తర్వాత వచ్చి చేరింది. (బేస్‌బాల్‌లో మరీ విడ్డూరం, బ్యాటు ఊపినా బంతి తగలకపోతే దాన్నే స్ట్రైక్ అంటారు.)

మరి సమ్మెకు ఆ పేరెట్లా వచ్చింది? 1768లో లండన్ రేవులో నావికులు కూలి పెంచాలని ఓడల తెరచాపలు దించేశారు. చాప దించడాన్ని ఓడవాళ్లు స్ట్రైక్ అనేవారు. ఓడలు కదల్లేదు, మాట నిలిచిపోయింది. సమ్మె అనగానే పగిలిన అద్దాలే చూపించే టీవీ వాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండు. చాప దించడమంటే కొట్టడం కాదు.

మన బస్తీలు భయపడే అర్థం ఇంకొకటుంది. నాగాలు ఎక్కువైతే రిజిస్టర్లోంచి పేరు కొట్టేస్తారు. ఇంగ్లీషులో అదీ స్ట్రైకే. పని ఆపే హక్కుకూ, పనిలోంచి తీసేసే అధికారానికీ ఒకటే మాట!

ఇక మన సమ్మె సంగతి. 2011 సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు నెలకు పైగా బాయి దిగలేదు. బొగ్గు తగ్గి రాష్ట్రమంతా కరెంటు కోతలు పెరిగాయి. దసరా ఆ నడుమనే వచ్చింది. బొగ్గుబాయి ఇంట్లో దసరా ఎంత పండుగో మీకు చెప్పక్కర్లేదు, ఆ ఏడు మాత్రం చేతిలో జీతం లేదు. అప్పుడు మీరు చిన్నపిల్లలు, కొందరైతే పుట్టనే లేదు.

డిప్పు, స్ట్రైకు పుస్తకంలో చదివి వదలకండి, కాగితం మీద గీసి చూసుకోండి. అట్లాగే ఆ నెల ఇల్లెట్లా గడిచిందో, కిరాణా కొట్టులో ఎవరు ఉద్దెర ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో మీ అమ్మలను అడగండి. నాయనలు ఊరేగింపుల సంగతులే చెబుతారు, లెక్కలు అమ్మల దగ్గరే ఉంటాయి. విన్నది విన్నట్టు రాసిపెట్టండి.

మీ తాత,
రిటైర్డ్ ఓవర్‌మన్