మన హైవే మీద మన కర్నల్ పేరేది?

సూర్యాపేట ప్రజలారా!

2020 జూన్ 18 యాదికుందా? కరోనా భయానికి గడప దాటని రోజులవి. అయినా ఆ పొద్దు మూతికి మాస్కు కట్టుకుని రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డాం. జెండా కప్పిన పెట్టెతో మిలిటరీ బండి అంత్యక్రియలకు కేసారం వైపు కదులుతుంటే దోసిళ్లతో పూలు చల్లాం. అమర్ రహే అని గొంతు పోయేదాకా అరిచాం.

ఆయన కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 16 బిహార్ రెజిమెంటుకు కమాండింగ్ ఆఫీసర్ అయిన మన బిడ్డ. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులను అడ్డుకుంటూ ప్రాణమిచ్చాడు. అప్పటికి 37 ఏళ్లు. ఆ రాత్రి తుపాకులు పేలలేదు. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఎముకలు కొరికే చలి. మనవాళ్లు 20 మంది పోయారు. గాయాలైనా వెనక్కి తగ్గకుండా ముందు నిలబడి జవాన్లను నడిపించినందుకు ఆయనకు మహావీర చక్ర దక్కింది. యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో దానికి పైన ఉన్నది పరమవీర చక్ర ఒక్కటే.

కోర్టు చౌరస్తాలో విగ్రహం ఉంది కదా అంటారు. ఉంది, 2021లో పెట్టారు, మంచిదే. కానీ అది ఊళ్లోకి వచ్చినవాళ్లకే కనపడుతుంది. హైదరాబాద్, విజయవాడ మధ్య ఉరికే కార్లు, లారీలు బైపాస్ మీదుగానే పోతాయి. టిఫిన్‌కు ఆగుతారు, చాయ్ తాగుతారు, పోతారు. ఒక్కసారి ఆ రోడ్డు పక్కన నిలబడి బోర్డులు చదవండి. హోటళ్ల పేర్లు, దాబాల పేర్లు, పెట్రోలు బంకుల పేర్లు, పుట్టినరోజు ఫ్లెక్సీల్లో లీడర్ల పేర్లు. కర్నల్ పేరు మాత్రం వెతకాలి.

అందుకే అడుగుతున్నాం: జాతీయ రహదారి 65లో జనగాం క్రాస్ రోడ్డు నుంచి దురాజ్‌పల్లి దాకా ఉన్న రోడ్డుకు కర్నల్ సంతోష్ బాబు పేరు పెట్టాలి. పెద్దగట్టు జాతరకు లక్షల జనం కదిలేది కూడా ఈ రోడ్డు మీదే. రెండు చివరలా తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో పెద్ద బోర్డులు ఉండాలి. వాటి మీద ఆ 20 మంది పేర్లూ రాయాలి. ఫ్లెక్సీలు కట్టి ఆ బోర్డులను కప్పేసేవాళ్లకు జరిమానా వేయాలి. ఇది కూడా అడగాల్సి రావడం మన ఖర్మ.

పేరు పెడితే గుంతలు పూడుతాయా అని ఓ పెద్దమనిషి అన్నాడు. పూడవు. గుంతల కోసం వేరే కొట్లాడుదాం, అందులోనూ ముందుంటాం.

హైవే కేంద్రం చేతిలో ఉంది. కాబట్టి మున్సిపాలిటీలో తీర్మానం కావాలి, రోడ్డు పక్క పంచాయతీల్లో తీర్మానాలు కావాలి, వాటితో కలెక్టరు గారికీ, ఎంపీ గారికీ వినతిపత్రం పోవాలి. మీ వార్డు కౌన్సిలర్‌ను, మీ సర్పంచ్‌ను ఈ వారమే అడగండి. ఏ పార్టీ అని చూడకండి.

జూన్ 15 సాయంత్రం 5 గంటలకు కోర్టు చౌరస్తాలో విగ్రహం దగ్గరికి రండి. సంతకాల పుస్తకం అక్కడే ఉంటుంది. పార్టీ జెండాలు ఇంట్లో పెట్టి, పిల్లలను వెంట తీసుకుని రండి.

ఇట్లు,
సూర్యాపేట పౌరులు